తలమీద చెయ్యి, కుండలో పిడికెడు బియ్యం

డోర్నకల్ డయాసిస్‌లో బిషప్ అజరయ్య కాలంలో బాప్తిస్మం పొందినవాళ్లు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకుండా ఊరుకుంటే తమకే శ్రమ అని ఒప్పుకునేవారు. వచ్చి, విని, ఇంటికెళ్లే అలవాటు పడకముందే పని అప్పజెప్పడమన్నమాట.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో తమ కానుకలతో నిలబెట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ పనిమీద ఆయన డోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అప్పటికే మాల, మాదిగ వాడలు కుటుంబాలతో సహా సంఘంలోకి వస్తున్నాయి. చదువు లేదు, వెట్టి తప్పదు. ఆదివారం ప్రసంగం ఒక్కటే వాళ్లకేం సరిపోతుంది?

అందుకే భారమంతా పల్లె ఉపాధ్యాయుడి మీద పెట్టారు. పగలు పిల్లలకు అక్షరాలు. పెద్దలు పొలాల నుంచి వచ్చాక సాయంకాలం ప్రార్థన. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం ముక్క ముక్కగా పలికించి కంఠతా పట్టించేవారు. బైబిలు కథలు పాటలయ్యేవి. ఉపాధ్యాయుడి భార్యకూ శిక్షణ ఉండేది, ఇళ్లలో ఆడవాళ్లతో కూర్చోవలసింది ఆమే కనుక.

నాకు అన్నిటికంటే పదునుగా కనిపించేది సాక్ష్య వారం. ఏటా ఆ రోజుల్లో కూలినాలి చేసుకునే మామూలు విశ్వాసులే పక్క ఊళ్లకు వెళ్లి మాట్లాడేవారు. చెప్పబోతే గానీ తనకెంత తెలుసో ఎవరికీ తెలియదు. పైగా నిన్న కల్లు దుకాణం దగ్గర తూలినవాడు ఇవాళ సాక్ష్యం చెబితే పక్క ఊరు ఊరుకుంటుందా? మాటకు తగ్గట్టు బతుకు దిద్దుకోక తప్పదు.

కానుక సంగతీ అంతే. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం తెలుగు పల్లె సంఘాలకు పాత అలవాటే. పేదవాడు పుచ్చుకునేవాడిగానే మిగిలిపోకూడదని అజరయ్య పట్టుదల. క్రైస్తవుల కానుకల మీద ఏకంగా పుస్తకమే రాశారు.

ఇంటి భాషలో నేర్పే కథైతే అడవి అంచున ఇంకా పాతది. గోదావరి పనుల మీదున్న ఇంజనీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో మిషన్ పని మొదలైంది. తర్వాత మిషనరీ జాన్ కెయిన్ దశాబ్దాలపాటు అక్కడే ఉండి, కోయ నేర్చుకుని, సువార్తను ఆ భాషలోకి తెచ్చారు. ఇంట్లో కోయ మాట్లాడుకునే కుటుంబం తెలుగులో అప్పజెప్పిన పాఠం గుడి గుమ్మం దాటుతుందో లేదో ఆయనకు అనుమానం వచ్చే ఉంటుంది.

ఇప్పుడు మైకుంది, కుర్చీలున్నాయి, మాట్లాడేది మాత్రం పాస్టరుగారొక్కరే. హాజరు చూసి మురిసిపోయే సంఘాలు ఒక పని చేయొచ్చు: ఆదివారం చదివిన భాగాన్ని బుధవారం ఏదో ఒక ఇంట్లో, ఆ ఇంటి భాషలో, పాస్టరు కాని ఎవరిచేతనైనా తిరిగి చెప్పించడం. మొదటి నెల తడబాటే ఎక్కువ ఉంటుంది. పాస్టరుగారు మధ్యలో అందుకోకుండా ఉండగలగడమే కష్టం.