తీసేయమన్నంత మాత్రాన

మా ఓపీకి వచ్చే ఆడవాళ్ల చేతిలో తరచుగా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో స్కానింగు రిపోర్టు, రెండు మూడు మందుల చీటీలు, ఎప్పటిదో రక్తపరీక్ష. రిపోర్టులో ‘బల్కీ యుటెరస్’ అన్న మాట కింద ఎవరో పెన్నుతో గీత గీసి ఉంటారు. ఇంకా కుర్చీలో సర్దుకోకముందే అడుగుతారు: “గర్భసంచి వాసిపోనాదంటమ్మా. తీసీయండి. పిల్లలైపోనారు, ఇంకేటి పని దాంతో?” ఆ అడిగే మనిషికి ముప్పై నాలుగు, ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు.

ఇద్దరు ముగ్గుర్ని మోసిన గర్భసంచి, కాన్పులే ఎరగని గర్భసంచికన్నా కాస్త పెద్దగానే ఉంటుంది. రిపోర్టులో రాసింది చాలాసార్లు అంతే, అది జబ్బు కాదు. కానీ ఊళ్లో ఎవరో “ఉంచితే కేన్సరైపోద్ది” అని ఉంటారు. ఆ భయం కడుపులో పెట్టుకుని విజయనగరం బస్సెక్కి వచ్చిన మనిషికి నా మాట ఒకంతట ఎక్కదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 8.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద చూస్తే అది 3 శాతం పైచిలుకు. 2015-16 సర్వేలోనూ దేశంలో మొదటి స్థానం మనదే. పొరుగున తెలంగాణదీ ఇదే తీరు. ఇన్ని ఆపరేషన్లు ఎందుకంటే డబ్బాశ అని ఒక్కముక్కలో తేల్చేయడం సులువు. అదీ ఉంది, కాదనను. కాని దాని వెనక ఇంకో వరస ఉంది. అదే 2019-21 సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో 100కి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఇరవై రెండు, ఇరవై మూడుకల్లా ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లల ఆపరేషను. ముప్పై వచ్చేసరికి ఆ శరీరంతో ఇక పని లేదని ఇంట్లోవాళ్లూ అనుకుంటారు, ఆమె కూడా అనుకుంటుంది. తీసీమని వచ్చేది అప్పుడే.

ఆమె కారణాలు ఆమెకున్నాయి. పలాసలో జీడిపిక్కలు ఒలిచే మనిషి రోజంతా కూర్చునే ఉండాలి. ఉభాల రోజుల్లో, అంటే వరినాట్లప్పుడు, మడిలో నడుం వంచితే సాయంత్రం దాకా ఎత్తడానికి లేదు. బిల్డింగు పనికి విశాఖో హైదరాబాదో పోతే అక్కడ మరుగు ఉండదు. పొద్దున్నుంచి మంచినీళ్లు మానేసి, ఉగ్గబట్టుకుని పనిచేస్తారు. నెలలో ఐదారు రోజులు గుడ్డ మార్చుకునే చోటు లేక కూలి పోగొట్టుకునే మనిషికి, ఆ రోజులే లేకుండా చేస్తామంటే ఎందుకు చేదవుతుంది? నేను ఆమెను తప్పుపట్టను. ఆ కష్టానికి కత్తి మందు కాదని మాత్రం చెప్తాను.

ఈ వృత్తిలో నైపుణ్యమంతా ఆపరేషను బల్ల దగ్గరే ఉందని చదువుకునే రోజుల్లో అనుకుంటాం. ఇన్నేళ్లకు నాకు తెలిసిందేమిటంటే, సగం పని అడగడంలో ఉంది. అడిగినా వెంటనే చెప్పరు. “నడుం నొప్పమ్మా, కాళ్లు లాగుతన్నాయి” అంటారు. వెంట వచ్చిన అత్తగారినో భర్తనో కాసేపు బయట కూర్చోబెట్టి తలుపు వేస్తే, అప్పుడు గొంతు తగ్గించి “తెల్లబట్ట అవుతాదమ్మా” అంటారు. అక్కడి నుంచి ఒక్కొక్కటీ అడగాలి. రంగెలా ఉంది, వాసన ఉందా, దురద ఉందా, నెల మధ్యలోనా ఎప్పుడూనా, భర్తతో కలిసినప్పుడు నొప్పా, ఆ తర్వాత రక్తం కనిపిస్తుందా. నెల మధ్యలో జిగటగా, వాసన లేకుండా అయ్యే తెలుపు ఒంటి సహజం. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే అది బూజు, కొద్దిరోజుల మందుతో పోతుంది. నీసు వాసన వస్తే ఇంకో రకం, దానికీ మందుంది. కొన్నింటికి భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఆ మాట భర్తకు నేనే పిలిచి చెప్తాను. ఆమె మీద వదిలేస్తే ఆ మందుచీటీ ఇంటికి చేరదు.

తర్వాత చూడాలి. స్కానింగులో గర్భసంచి ముఖం మీద ఏముందో సరిగా కనబడదు. దీపం పెట్టి, స్పెక్యులం వేసి కంటితో చూడాలి. చన్నీళ్లలా ఉన్న ఇనుమును ముందు గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, ఏం చేయబోతున్నానో చెప్పి చేస్తే మనిషి బిగుసుకుపోదు. పలచటి వెనిగర్ లాంటి ద్రావకం అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్నచోట తెల్లగా తేలుతుంది. కేన్సరు భయానికి ముందు కావలసింది ఇది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలన్నది మన ప్రభుత్వ కార్యక్రమమే. పరీక్ష చేయించుకోమంటే వెనకాడేవాళ్లు ఆపరేషనుకు ముందుకు రావడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

నెలసరి ఎక్కువ పోతోందని వచ్చేవాళ్లను రోజుకెన్ని గుడ్డలు, గడ్డలు పడుతున్నాయా, రాత్రి పక్క తడుస్తోందా అని అడుగుతాను. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. థైరాయిడ్ చూడాలి, నలభై దాటితే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. రక్తం తగ్గించే మాత్రలున్నాయి, హార్మోను లూపు ఉంది, ఐరన్ ఉంది. ఇవన్నీ వాడినా తగ్గనివాళ్లు ఉంటారు. పెద్ద కంతులు, బాగా జారిపోయిన గర్భసంచి, కేన్సరు ఉంటాయి. అప్పుడు తీయడమే సరి, నేనే తీస్తాను.

రక్తం లేకపోవడం ముప్పైలో మొదలైంది కాదు. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారని ఆ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కూతురు ఐదో నెలలో ఉందని వెంటబెట్టుకొచ్చిన తల్లిని చూస్తే ఇద్దరి రెప్పలూ ఒకటే తెలుపు. ఐరన్ మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడతాదని, పెద్దదైపోయి కాన్పు కష్టమవుతాదని ఆ పిల్ల పక్క కింద దాచేస్తుంది. మింగినా భోజనం కాగానే టీ తాగేస్తుంది, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7కి దిగితే కాన్పులో పోయే మామూలు రక్తాన్ని కూడా ఆ ఒళ్లు తట్టుకోలేదు. సాలూరు కొండల మీది నుంచి డోలీలో దిగాల్సిన పిల్లకైతే ఆ లెక్క ఇంకా కఠినం.

మళ్లీ ఆపరేషను సంగతికొస్తే, గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే వయసు ఒక్కరోజులో వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం. అవి ఉంచినా కొందరికి ఆ వయసు ముందే వస్తుంది. నడుం నొప్పికని తీయించుకున్న మనిషి, ఐదేళ్లకు అదే నడుం నొప్పితో మళ్లీ మా గుమ్మంలో ఉంటుంది. ఆ నొప్పి మడిలోది, సిమెంటు తట్టది. గర్భసంచిది ఎప్పుడూ కాదు.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు మాట ఊరిదాకా రావాలంటే ప్రతి పీహెచ్‌సీలో ఒక బల్ల, ఒక దీపం, చుట్టూ తెర, చూడగలిగిన మనిషి కావాలి. ఈలోగా, ఎక్కడో ఆపరేషనుకు తేదీ ఇచ్చేశారని నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను. ఆ కవరు పట్టుకుని ప్రభుత్వ ఘోషా ఆసుపత్రికో శ్రీకాకుళం పెద్దాసుపత్రికో వెళ్లి ఇంకొకరికి చూపించండప్పా. లోపల కంటితో చూశారా, ముక్క పరీక్ష అయిందా, మందు వాడి ఎన్నాళ్లయింది, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని అడగండి. జవాబు వచ్చేదాకా తేదీని వాయిదా వేయించండి.