గోల్ కొట్టినవాడికే బంతి

దక్షిణ కొరియా స్ట్రైకర్ సోన్ హ్యుంగ్-మిన్ గోల్స్‌ని గుదిగుచ్చిన వీడియో ఒకటి ఈ వారం వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి నా దాకా వచ్చింది. చూస్తున్నకొద్దీ చిరాకు పెరిగింది. ప్రతి ముక్కా బంతి అతని కాలికి తగిలే క్షణంలోనే మొదలవుతుంది. అంతకుముందు జరిగిందంతా కత్తిరించేశారు. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పోరు తెలిసిందే: స్ట్రైకర్ పనిలో ముప్పాతిక వంతు బంతి రాకముందే అయిపోతుంది. డిఫెండర్ బంతినీ మనిషినీ ఒకేసారి చూడలేడు. అతని తల బంతివైపు తిరిగిన ఆ అర సెకనులో వీపు వెనకనుంచి జారుకోవడమే అసలు విద్య. గోల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అది కంటపడదు.

సోన్‌లా పరాయి దేశంలో ఆడేవాడికి ఆ విద్య ఒక్కటే చాలదు. ఎంత చక్కగా పరుగెత్తినా, బంతి ఇచ్చేవాడికి నమ్మకం కుదరాలి. కొత్తగా వచ్చినవాడి పరుగును పట్టించుకోకుండా పాత స్నేహితుడికే పాస్ ఇచ్చేస్తారు.

సోన్ కంటే ముందే ఈ దారి తొక్కినవాడు అతని దేశస్థుడే, స్ట్రైకర్ చా బుమ్-కున్. 1978లో జర్మనీ వెళ్లి డార్మ్‌స్టాట్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడాడు. స్వదేశంలో సైనిక సేవ పూర్తికాలేదని వెనక్కి రావాల్సి వచ్చింది. మళ్లీ 1979లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేరాడు, తొలి సీజన్‌లోనే ఆ జట్టు యూఈఎఫ్ఏ కప్ గెలిచింది. 1980 ఆగస్టులో లెవర్‌కూసెన్ డిఫెండర్ యుర్గెన్ గెల్స్‌డార్ఫ్ వెనకనుంచి గుద్దిన దెబ్బకు చా నడుము ఎముక చిట్లింది. ఫ్రాంక్‌ఫర్ట్ అభిమానులు గెల్స్‌డార్ఫ్ మీద రగిలిపోయారు. చా మాత్రం పగ పెట్టుకోలేదు. కోలుకుని మైదానానికి తిరిగొచ్చాడు. 1983లో చేరింది కూడా ఆ లెవర్‌కూసెన్‌లోనే, గెల్స్‌డార్ఫ్ పక్కనే.

రెండు మ్యాచ్‌ల 1988 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్‌లో స్పెయిన్ జట్టు ఎస్పాన్యోల్ చేతిలో తొలి మ్యాచ్ 0-3తో పోయింది. రెండో మ్యాచ్ లెవర్‌కూసెన్‌లో. 63వ నిమిషానికల్లా రెండు గోల్స్ వచ్చాయి, ఇంకొకటి కావాలి. 81వ నిమిషంలో ఆ మూడో గోల్ చా తలతో కొట్టాడు. అప్పటికి అతనికి 35 ఏళ్లు నిండడానికి నాలుగు రోజులున్నాయి. పెనాల్టీ షూటౌట్‌లో కప్పు లెవర్‌కూసెన్‌దైంది.

జర్మన్ లీగ్‌లో అతను ఆడినవి 308 మ్యాచ్‌లు, కొట్టినవి 98 గోల్స్. అందులో పెనాల్టీ ఒక్కటీ లేదు. సోన్ కూడా 2021-22లో పెనాల్టీ లేకుండానే 23 గోల్స్ కొట్టి, ఇంగ్లిష్ లీగ్ గోల్డెన్ బూట్‌ను సలాతో పంచుకున్నాడు. సోన్ అప్పుడు ఆడిన టాటెన్‌హామ్‌లో పెనాల్టీలు హ్యారీ కేన్ కొట్టేవాడు. అంటే ఈ ఇద్దరి గోల్స్ వెనకా పరుగుంది, ఆ పరుగును నమ్మి ఒకడు ఇచ్చిన బంతి ఉంది. మరి ఆ నమ్మకం ఎలా పుట్టింది? ముందు కొట్టిన గోల్స్ వల్లే. పరాయి ఊళ్లో స్ట్రైకర్ తరఫున మాట్లాడేవాళ్లుండరు. అతనికున్న ఒకే ఒక సాక్ష్యం స్కోరుబోర్డు. కాబట్టి, నా పాత పోరుకు ఇది ఎదురే అయినా, విదేశాల్లో ఆడే స్ట్రైకర్‌ని గోల్స్ లెక్కతోనే కొలవడం న్యాయం.

అయితే ఆ లెక్కకు అవకాశం దొరకాలి. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పేనాటికి దేశానికి 94 గోల్స్ కొట్టాడు. 2009లో ఇంగ్లండ్ వెళ్లబోతే ఫిఫా ర్యాంకింగ్‌లో భారత్ వెనకబడి ఉందని వర్క్ పర్మిట్ రాలేదు. 2010లో అమెరికాలోని కాన్సాస్ సిటీకి వెళ్తే లీగ్ మ్యాచ్‌లో దిగే అవకాశమే దక్కలేదు. 2012లో లిస్బన్‌లోని స్పోర్టింగ్‌కు వెళ్తే అక్కడ బి జట్టులో ఆడించారు, అదీ కొద్ది మ్యాచ్‌లే. మైదానంలోకి దింపనివాణ్ని గోల్స్ ఏవని అడగడం అన్యాయం.

రేపు విదేశం వెళ్లే మన కుర్రాడికి నేను చెప్పేది ఒక్కటే: క్లబ్బు పేరు చూసి సంతకం పెట్టొద్దు నాయనా. రెండో అంచె లీగ్ అయినా సరే, వారం వారం తొంభై నిమిషాలు ఆడించేచోటికి వెళ్లు. ఆ తర్వాత నీ గోల్స్ ఎన్నో నేనే లెక్కపెట్టి రాస్తాను.