పొడిచే ఎద్దు యజమాని ఎవరు? 'కమాండ్ అండ్ కంట్రోల్' గ్రంథముపై ఒక విమర్శ

అమెరికా పాత్రికేయుడు ఎరిక్ ష్లోసర్ 2013లో ప్రచురించిన 'కమాండ్ అండ్ కంట్రోల్' అణ్వాయుధాల భద్రతను గూర్చిన గ్రంథము. యుద్ధము లేని దినములలో సహితము ఆ ఆయుధములను కాపాడుటలో ఎంత అపాయమున్నదో ఇది చూపిస్తుంది. ప్రమాదము జరిగినప్పుడు దోషము ఎవరిది అనే ప్రశ్న దైవశాస్త్రమునకు చెందినది గనుక సంఘకాపరులు దీనిని చదవవలెనని మా అభిప్రాయము.

గ్రంథమునకు కేంద్రము ఆర్కన్సా రాష్ట్రములోని డమాస్కస్ వద్ద జరిగిన సంఘటన. 1980 సెప్టెంబరు 18 సాయంకాలమున టైటాన్-2 క్షిపణికి మరమ్మతు చేస్తున్న యువ సైనికుని రెంచి నుండి సాకెట్ ఊడి, భూగర్భములోనికి పడి, ఇంధనపు ట్యాంకును చీల్చింది. మరునాటి తెల్లవారుజామున క్షిపణి పేలింది. డేవిడ్ లివింగ్‌స్టన్ అనే సైనికుడు మరణించాడు. 9 మెగాటన్నుల వార్‌హెడ్ బయటకు విసరివేయబడినను పేలలేదు. దాని శక్తి హిరోషిమా బాంబుకు దాదాపు 600 రెట్లు.

ఆ సైనికుడు వాడినది నియమావళి చెప్పిన పరికరము కాదు. తప్పు వాస్తవమే. అయితే విచారణ అతనితో ముగియవలెనా?

గ్రంథకర్త అలా ముగించలేదు. ఇది అతని గొప్ప బలము. చిన్న ఉద్యోగులను పేరుపేరున మన ముందుంచి, వారి ధైర్యమును, వారు పొందిన మందలింపులను వివరిస్తాడు. అయితే సంక్లిష్టమైన యంత్ర వ్యవస్థలలో ప్రమాదము తప్పదన్న చార్లెస్ పెర్రో వాదము మీద అతడు ఎక్కువగా ఆనుకొంటాడు. ఇక్కడ మేము ఆగి ప్రశ్నిస్తున్నాము. ప్రమాదము తప్పనిదైతే దోషి ఎవడును లేడని చదువరి తలంచవచ్చు. పెర్రో మాత్రము 1984లో తన గ్రంథములో అణ్వాయుధములను విడిచిపెట్టవలసిన వ్యవస్థల వరుసలోనే చేర్చాడు. ఆ మాట ష్లోసర్ గ్రంథములో వినబడవలసినంత బలముగా వినబడదు.

లేఖనము మరియొక మార్గము చూపుతున్నది. నిర్గమకాండము 21:28-29లో ఎద్దు మొదటిసారి మనిషిని చంపితే యజమాని నిర్దోషి. అది పొడుచునని ముందే తెలిసి, హెచ్చరిక విని, దానిని కట్టివేయకపోతే యజమానియే దోషి. ద్వితీయోపదేశకాండము 22:8 సహితము మిద్దె నుండి పడినవానిని కాక, పిట్టగోడ కట్టనివానిని అడుగుతుంది.

ఈ కొలతతో చూడండి. 1965లో అదే రాష్ట్రములో సియర్సీ సమీపమున టైటాన్-2 స్థావరములో అగ్ని ప్రమాదము 53 మంది పనివారిని బలిగొన్నది. 1978లో కాన్సస్‌లో విషవాయువు లీకై ఇద్దరు సైనికులు మరణించారు. డమాస్కస్ తరువాత కూడ ఆ క్షిపణులు 1987 వరకు ఉంచబడ్డాయి. ఎద్దు పొడుచునని యజమానికి తెలియదా?

ఇది అమెరికాకే చెందిన సంగతి కాదు. 2022 మార్చి 9న మన దేశపు బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున వెలువడి పాకిస్తాన్‌లోని మియా చన్ను వద్ద పడింది. అది అణ్వాయుధము కాదు, అందులో పేలుడు పదార్థము లేదు, ప్రాణనష్టమును జరుగలేదు. నిర్ణీత పద్ధతి తప్పినందుకు ముగ్గురు వైమానిక దళాధికారులను అదే సంవత్సరము ఆగస్టులో తొలగించారు. ఆ శిక్ష న్యాయమైనదే కావచ్చు. అయినను అణ్వాయుధములు గల రెండు పొరుగు దేశముల మధ్య అటువంటి పొరపాటుకు ఎంత చోటున్నదన్న ప్రశ్న ముగ్గురి తొలగింపుతో తీరదు.

సిలోయము గోపురము పడి 18 మంది చనిపోయినప్పుడు ప్రభువు చనిపోయినవారి పాపమును వెదకనివ్వలేదు. బ్రదికియున్నవారిని మారుమనస్సునకు పిలిచాడు (లూకా 13:4-5). గోపురములు కట్టించి, వాటి నీడలో క్షేమముగా ఉన్నామని తలంచే జనములకు ఈ వాక్యము ఎలా బోధించవలెనో వేదాంత విద్యార్థులు ఆలోచింతురు గాక. అందుకు ష్లోసర్ గ్రంథము, దాని లోపముతో కూడ, మంచి సహాయము.