వానకంటే ముందొచ్చే గాలి

ఎండాకాలం సాయంత్రం మబ్బు పట్టిందంటే మేడెక్కడం నా అలవాటు. ఆరేసిన బట్టలు తీయడానికని ఇంట్లో చెబుతాను గానీ, వెళ్లేది గాలి కోసం. అప్పటిదాకా ఆకు కదలదు, ఒళ్లంతా జిడ్డు. ఉన్నట్టుండి మట్టివాసనతో చల్లటి విసురొకటి వచ్చి, బట్టల్ని క్లిప్పులతో సహా పక్కింటి మేడ మీద పడేస్తుంది. చినుకు ఇంకా పడి ఉండదు.

అది మబ్బులోంచి కిందపడ్డ గాలి. చినుకులు ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డది బరువెక్కి దిగి, గచ్చు మీద కుమ్మరించిన బిందెడు నీళ్లలా నాలుగు వైపులా పరుచుకుంటుంది. దాని అంచు ఎదుటి వేడిగాలిని పైకి నెడితే మబ్బు ముందు నల్లగా, పూరింటి చూరులా ఒక పట్టె కడుతుంది. షెల్ఫ్ క్లౌడ్ అంటారు, చూరుమబ్బంటే సరిపోదూ! కింద నిలబడి చూసేవాళ్లకు ముచ్చటే. విమానం మాత్రం ఆ దరిదాపులకు పోకూడదు.

1975 జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో దిగబోతూ ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66 విమానం కూలి 113 మంది పోయారు. అంతకుముందే దిగిన సరకు విమానం కెప్టెన్, రన్‌వే మార్చండని టవర్‌కు చెప్పాడు కూడా. మార్చలేదు. ఆ ప్రమాదం గుట్టు విప్పినవాడు షికాగో విశ్వవిద్యాలయపు వాతావరణ శాస్త్రవేత్త ఫుజితా. పడిన చెట్లను చదవడం ఆయన విద్య. 1945లో నాగసాకిలో, బాంబు పేలిన చోటు కింద చెట్లు చుట్టూ బయటికి ఒరగడం చూశాడు. 1974లో టోర్నడోల తర్వాత పశ్చిమ వర్జీనియా అడవి మీద ఎగురుతుంటే మళ్లీ అదే తీరు. సుడిగాలైతే మెలితిప్పేది, ఇవి చిమ్మినట్టు పడ్డాయి. ఇలా కిందపడి చిమ్మే గాలికి డౌన్‌బర్స్ట్ అని ఆయన పేరు పెడితే తోటివాళ్లు చాలామంది నమ్మలేదు, 1978లో డాప్లర్ రాడార్‌కు చిక్కేదాకా.

నాకు ఒళ్లు జలదరించేది కిందికి తోసే గాలిని తలుచుకుని కాదు, దానికి ముందు లేపే గాలిని తలుచుకుని. మొదట ఎదురుగాలి తగులుతుంది. వేగం ముల్లు పెరుగుతుంది, విమానం తేలుతుంది, పైలట్ ఇంజన్లు తగ్గిస్తాడు. అంతలో పైనుంచి తోపు, వెంటనే వెనకగాలి. ఇంజన్లు పుంజుకోవడానికి పట్టే ఆ కొన్ని సెకన్లే ఉండవు.

మొన్న మే నెలలో మా విమానం దిగబోయి మళ్లీ పైకి లేచింది. "వాన కూడా లేదు కదండీ, దింపేస్తే పోయేదిగా!" అని పక్కసీటాయన విసుక్కున్నాడు. కిటికీలోంచి చూరు కనిపిస్తూనే ఉంది. నలభై నిమిషాలకు దిగాం. రన్‌వే పక్క గడ్డంతా ఒకే వైపుకు పడుకుని ఉంది.