ఇంజను నూనె చెప్పునది, చెప్పనిది

జిన్నారము పరిసరములలోని బొల్లారము, గడ్డపోతారము, ఖాజీపల్లి పారిశ్రామికవాడలలో డీజిలు జనరేటర్లు, కంప్రెసర్లు పనిచేయుచుండును. వాటికి చేరువనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ కలదు. నేలమీది యంత్రమునకును, ఆకాశమున ఎగురు యంత్రమునకును అరుగుదలను కనిపెట్టు ఉపాయమొకటి సమానముగా ఉన్నది. వాడిన కందెన నూనెను పరీక్షించుటయే ఆ ఉపాయము. 1940ల దశకములో అమెరికా రైల్వేలు డీజిలు ఇంజనులకు దీనిని వాడినవి. 1950ల దశకములో ఆ దేశపు నౌకాదళము విమానముల ఇంజనులకు దీనిని అనువర్తింపజేసినది.

పరీక్షలోని సూత్రము సులభమైనది. నూనెను విద్యుత్ జ్వాలలో గాని, ప్లాస్మాలో గాని మండించినచో అందలి ప్రతి లోహమును తనకే చెల్లిన తరంగదైర్ఘ్యములలో కాంతిని వెలువరించును. ఆ కాంతి తీవ్రతను కొలిచి లోహమెంత ఉన్నదో పది లక్షల భాగములలో ఇన్ని భాగములని, అనగా పీపీఎంలలో తెలుపుదురు. ఇనుము సిలిండరు గోడలనుండి, కామ్ షాఫ్టునుండి, పళ్ల చక్రములనుండి రావచ్చును. అల్యూమినియము ముఖ్యముగా పిస్టనులనుండి, రాగి బేరింగులు, కంచు బుష్‌లనుండి వచ్చును. సిలికాను పెరిగినచో గాలి వడపోతను దాటి దుమ్ము లోనికి పోవుచున్నదని అనుమానింపవలెను.

ఈ పరీక్షను వివరించువారు దీనిని తరచుగా రక్తపరీక్షతో పోల్చుదురు. పోలిక ఇంపుగానే ఉన్నది. కాని దానిని పూర్తిగా నమ్మినచో ముప్పు కలదు. రక్తములోని చక్కెరకు మనుష్యులందరికిని ఇంచుమించు ఒకే హద్దు కలదు. ఇంజను నూనెలోని ఇనుమునకు అట్టి హద్దు లేదు. ఒకే నమూనాకు చెందిన రెండు ఇంజనులు ఆరోగ్యముగా ఉండియు వేరువేరు సంఖ్యలను చూపవచ్చును. చిన్న విమానముల ఇంజనులను చేయు లైకమింగ్ సంస్థయు ఒంటి సంఖ్యకంటె వరుస పరీక్షలలోని పోకడయే ముఖ్యమని చెప్పుచున్నది.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక ఇంజను నూనెలో 25 గంటల తరువాత ఇనుము 30 పీపీఎం, మరొకదానిలో 50 గంటల తరువాత 48 పీపీఎం ఉన్నదనుకొనుడు. 40ని హద్దుగా పెట్టుకొన్నవాడు మొదటిది మంచిదనియు, రెండవది చెడినదనియు తీర్పు చెప్పును. గంటకు లెక్కించినచో మొదటిదానిలో 1.2, రెండవదానిలో 0.96 మాత్రమే. వేగముగా అరుగుచున్నది మొదటిదే కావచ్చును! నడుమ ఎంత కొత్త నూనె పోసినారో కూడ చూడవలెను. పోయిన నూనెతో కొంత లోహము పోవును. కొత్త నూనె మిగిలినదానిని పలుచన చేయును.

సీసము విషయములో పొరపాటు మరింత సులభము. పిస్టను విమానములు వాడు 100 ఎల్‌ఎల్ పెట్రోలులో సీసపు సమ్మేళనము కలదు. అది దహనమై నూనెలో చేరును. కావున అక్కడ వేల పీపీఎంల సీసము కనిపించినను బేరింగులు అరిగినవని అనరాదు. డీజిలు జనరేటరులోనైతే అదే సీసము బేరింగు అరుగుదలకు గురుతు కావచ్చును.

అన్నిటికంటె పెద్ద లోపము రేణువుల పరిమాణమునకు సంబంధించినది. సాధారణ వర్ణపటమాపకము సుమారు 5 నుండి 8 మైక్రాన్లకు మించిన రేణువులను సరిగా చూడజాలదు. మెల్లగా అరుగునపుడు పుట్టు సన్నని పొడి దానికి కనబడును. లోహము పెచ్చులుగా ఊడునపుడు అవి ఫిల్టరులో చిక్కుకొనును. కావున నివేదిక నిర్మలముగా ఉన్నను ఫిల్టరును కోసి, మడతలు విప్పి, అయస్కాంతముతో పరీక్షింపక తప్పదు.

నూనెకు అసలే తెలియని లోపములును కలవు. వైమానిక దళము శిక్షణకు వాడిన హెచ్‌పీటీ-32 విమానములో లైకమింగ్ ఇంజనే ఉండెడిది. ఎగురుచుండగా ఇంజను ఆగిపోవుట దాని పేరు చెప్పగానే గుర్తుకు వచ్చు లోపము. ఇంధన సరఫరాపై విమర్శలు వచ్చినవి. ఇద్దరు పైలట్లు మరణించిన ప్రమాదము తరువాత 2009లో దానిని నిలిపివేసిరి. ఇంధనము అందకపోవుటను ఏ నూనె పరీక్షయు ముందుగా చెప్పజాలదు.

అట్లని పరీక్షను నిందించుట న్యాయము కాదు. దోషము చదువుటలోనిది. వానకాలమంతయు కదలక నిలిచిన ఇంజనులో కామ్ షాఫ్టు త్రుప్పు పట్టి, తరువాతి నివేదికలో ఇనుము పెరుగవచ్చును. లాగ్‌బుక్కు చూడక ఒక్క సంఖ్యకు వెరచి ఇంజనును విప్పుట వృథా వ్యయము. తిరిగి బిగించుటలో కొత్త తప్పులు దొర్లుటకును అవకాశము కలదు. మొదట మరల నమూనా తీయవలెను. ఇంజను వేడిగా ఉండగా, కారుచున్న నూనె నడిమి ధారనుండి, ప్రతిసారియు ఒకే తీరున దానిని పట్టవలెను. గంటలను, పోసిన నూనెను, ఫిల్టరులో దొరికినదానిని ఒకేచోట వ్రాసికొనవలెను. ఈ నాలుగింటిని కలిపి చదివినవానికే నూనె నిజము చెప్పును.