చెవితో నేర్చిన తెలుగు: షోలాపూర్ నేతవాడల్లో పాట, టీవీ

తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్న తెలుగువారి సాంస్కృతిక జీవితం గురించి మన విభాగాల్లో వెలువడే వ్యాసాలు సాధారణంగా ఒకే పద్ధతిలో నడుస్తాయి. ఏ సంఘం ఎప్పుడు పుట్టింది, ఏ పత్రిక ఎన్నాళ్లు నడిచింది, కవులెందరు అని లెక్క చూస్తాం. ముంబయి, బెంగుళూరు లాంటి చోట్లకు ఈ కొలత కొంతవరకు సరిపోతుంది. షోలాపూర్ తూర్పు భాగానికి సరిపోదు. ఈ కొలతతో చూస్తే అశోక్ చౌక్, సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేటల తెలుగు చాలా బీదగా కనిపిస్తుంది. అక్కడ వీధులకు వీధులు తెలుగు మాట్లాడతాయి. తెలుగు చదవగలిగినవాళ్లు మాత్రం వెతికితే గాని దొరకరు. పిల్లలు మరాఠీ బడికి పోతారు, బజారులో కన్నడం, ఉర్దూ కూడా నడుస్తాయి. ఇలాంటి చోట తెలుగు ఏ ఆధారంతో నిలిచిందన్న ప్రశ్నకు నా జవాబు కొందరికి చిన్నతనంగా అనిపించవచ్చు. అది చాలావరకు పాటల మీద, టీవీ మీద ఉన్న వెర్రి అభిమానంతో నిలిచింది. ఆ అభిమానాన్ని మనం సాహిత్యాభ్యాసంలో ఒక రకంగా చూడవచ్చునా, చూస్తే దాని గుణదోషాలేమిటి అన్నది ఈ వ్యాస విషయం.

ముందు ఆ వాడల సంగతి కొంత చెప్పాలి. 1877లో షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి ఆ ఊరికి వలస పోయాయి. చేమగ్గాల తర్వాత మరమగ్గాలు వచ్చాయి. షోలాపూర్ చాదర్లు, టెరీ టవళ్లు అవి నేసినవే. మగవాళ్లు ఎక్కువగా కార్ఖానాలో మగ్గం మీద ఉంటే, ఆడవాళ్లు ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు, షోలాపూర్‌లో మరాఠీ మాట మాగ్ కూడా కలిసింది. నాడె, ధోటా రెండూ వినబడతాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తిపదకోశం రెండో సంపుటం వచ్చినప్పుడు సేకరణ ఆంధ్రప్రదేశ్ ఎల్లల లోపలే జరిగింది. ఎల్లకవతల ఉన్న ఈ నేతగాళ్ల మాటలు అందులోకి రాలేదు. ఇది ఆ కోశం తప్పు కాదు, దాని పరిధి అంత. ఆ తర్వాతయినా మనం పూనుకోకపోవడం మాత్రం మన తప్పే.

వినికిడి విషయంలో ఈ వాడలకు ఒక విచిత్రమైన విభజన ఉంది. సాంచెలు ఆడుతున్న కార్ఖానాలో పక్కవాడి మాట వినబడదు. చేమగ్గం చప్పుడుకు ఒక లయ ఉంది, దాని మీద కూనిరాగం తీయవచ్చు. పదిహేను సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే కూనిరాగానికి తావు లేదు. అక్కడ సైగలు, ఈలలు, పెదవుల కదలికలే భాష. ఇది షోలాపూర్‌కే పరిమితం కాదు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో ఇలా పెదవులు సాగదీసి మాట్లాడే పద్ధతికి మీ-మా అని పేరే ఉండేది. లెస్ డాసన్ అనే హాస్యనటుడు 1970లలో దాన్ని బ్రిటిష్ టెలివిజన్ మీదికి కూడా ఎక్కించాడు. కార్ఖానా ఎదుటి చాయ్ హోటల్లో టీవీ నడుస్తుంటే నేతగాడు వాకిట్లో నిలబడి దాన్ని చూస్తాడు. శబ్దం అందదు, అయినా సగం మాటలు పెదవుల మీదే పట్టుకుంటాడు. బీడీలు చుట్టే స్త్రీది సరిగ్గా దీనికి తలకిందులు. ఆమె కళ్లు ఆకు మీద, వేళ్లు దారం మీద ఉంటాయి. రోజుకు వెయ్యి బీడీల లెక్క పూర్తికావాలంటే తల ఎత్తడానికి వీల్లేదు. టీవీ ఆమెకు రేడియో లాంటిదే. సీరియల్లో ఎవరు ఏడుస్తున్నారో గొంతును బట్టి చెబుతుంది గాని, ఆ నటి ముఖం ఎలా ఉంటుందో అడిగితే తడుముకుంటుంది. రాత్రి భోజనాల వేళ ఇద్దరూ కలిసినప్పుడు ఆయన చూసినదీ ఆమె విన్నదీ కలిస్తే గాని కథ పూర్తి కాదు. టెలివిజన్ ప్రేక్షకుల గురించి రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. వాటిలో ఇలాంటి ప్రేక్షకుడు కనిపించడు.

రేడియో కాలంలో ఈ వాడలకు తెలుగు ఆకాశం నుంచి దొంగచాటుగా వచ్చేది. హైదరాబాదు కేంద్రం పగలు గరగరమనేది. రాత్రయితే మధ్య తరంగాలు దూరం పోతాయి కనుక స్పష్టంగా అందేది. మధ్యాహ్నాల్లో రేడియో సిలోన్ తెలుగు పాటలు వేసేది. వాటిని పరిచయం చేసిన మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు ఎక్కడి తెలుగూ కాదు. అయినా ఆ గొంతు కోసం చెవి కోసుకున్నవాళ్లు ఎందరో. కరెంటు పోతే సాంచెలూ ఆగుతాయి, టీవీ ఆగుతుంది, బ్యాటరీ ట్రాన్సిస్టర్ ఒక్కటే మిగులుతుంది. అందుకేనేమో ఆ వాడల్లో పెద్దవాళ్లకు పాత పాటల జ్ఞాపకం తరచుగా చీకటితో ముడిపడి ఉంటుంది. దూరదర్శన్ వచ్చాక పరిస్థితి ఇంకా చిత్రం. ముంబయి కేంద్రం మరాఠీ, ఢిల్లీ కేంద్రం హిందీ. తెలుగు కావాలంటే చిత్రమాల కార్యక్రమంలో అన్ని భాషల పాటల మధ్య ఒక్క తెలుగు పాట వస్తుందేమోనని కాచుకోవాలి, లేదా ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాల్లో తెలుగు వంతు కోసం నెలల తరబడి ఆగాలి. ఒక్క పాట కోసం అరగంట సేపు తెలియని భాషల పాటలు శ్రద్ధగా విన్న ఆ ఓపికను నేను తక్కువగా చూడను. కొరత వల్ల చెవి పదునెక్కింది.

1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది, ఆ మరుసటి ఏడాది 'పాడుతా తీయగా' మొదలైంది. ఈ కార్యక్రమాన్ని నేతవాడల దృష్టితో కొంచెం నిదానంగా చూడాలి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అప్పటికే ఆ వాడలకు తెలిసిన గొంతు. ఇంటిలోపల తెలుగు గాయకుడిగా తెలుసు, ఇరుగుపొరుగు మరాఠీవారికి సల్మాన్ ఖాన్ పాటల గొంతుగా తెలుసు. ఇలా రెండు వైపులా చెల్లిన మనిషి తెర మీద కూర్చుని ఒక్కొక్క పాటకు రాసినదెవరు, స్వరపరచినదెవరు, ఆ మాటకు అర్థమేమిటి, ఆ అక్షరం ఎక్కడి నుంచి పలకాలి అని విడమరచి చెప్పడం మొదలుపెట్టారు. తెలుగు వాచకం ముట్టని పిల్లలకు అది వారం వారం జరిగిన తెలుగు తరగతి. గీత రచయిత అనేవాడొకడుంటాడనీ, పాటలో మాటకు బాధ్యుడు అతడేననీ వాళ్లకు మొదట తెలిసింది అక్కడే. పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అలా శ్రోతను చిన్నబుచ్చకుండా తప్పు దిద్దడం మనలో చాలామందికి చేతకాని పని.

అయితే ఆ కార్యక్రమం ఉచ్చారణకు ఇచ్చిన ప్రాధాన్యం గురించి నాకు కొంత పేచీ ఉంది. అక్కడ మెప్పు పొందిన పలుకుబడి ప్రధానంగా మద్రాసు సినిమా పాటల కాలంలో స్థిరపడిన పలుకుబడి. తెలంగాణ జానపదానికి, ఆ యాసకు అక్కడ చోటు తక్కువ. ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1981 నాటి హిందీ చిత్రం 'ఏక్ దూజే కే లియే' కోసం బాలచందర్ ఈయన్ను పాడించాలనుకున్నప్పుడు, దక్షిణాది యాస పనికిరాదని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట ఒప్పుకోలేదు. కథానాయకుడు తమిళుడే గదా, యాస ఉంటే తప్పేమిటని బాలచందర్ పట్టుబట్టారు. ఆ పాటకు బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారం వచ్చింది. యాసే కారణంగా తిరస్కారానికి దగ్గరగా పోయి వచ్చిన గాయకుడు, తర్వాత యాసలను దిద్దే పీఠం మీద కూర్చున్నారు. ఇందులో కపటం లేదు. శాస్త్రీయ శిక్షణ లేకుండా ఎదిగిన మనిషికి మాట పట్ల ఉన్న భయభక్తులు అవి. కాని షోలాపూర్ పిల్లవాడి దగ్గరికి ఆ పాఠం చేరేసరికి, తన ఇంట్లో అమ్మమ్మ మాట్లాడేది తెలుగు కాదేమో అన్న అనుమానంగా మారింది.

ధ్వనుల దృష్టితో చూస్తే ఆ అనుమానం నిరాధారం. ఒత్తక్షరాల విషయంలో ఈ పిల్లలు మన పిల్లల కంటే మెరుగు. మరాఠీలో ఘ, ధ, భ రోజూ నాలుకమీద ఆడే ధ్వనులు. ఘంటసాల పేరులోని ఘకారాన్ని హైదరాబాదు పిల్లలు గకారం చేస్తే వీళ్లు చెయ్యరు. ణ, ళలు మరాఠీలోనూ ఉన్నాయి కాబట్టి అవీ చెదరలేదు. చాప, జాము అనేటప్పటి దంత్య చ, జలు రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఆ వాడల నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గర తెలుగు ఐచ్ఛికంగా తీసుకుంది. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. పరీక్షలో ఆమె 'తల్లి ఓడిలో' అని రాసింది, మరో చోట 'మెడ మీద నిలబడి' అని రాసింది. ఒకే పుటలో ఇలాంటివి పదకొండు. ఎర్ర సిరాతో అన్నీ చుట్టి, చెవికి హ్రస్వదీర్ఘాల తేడా తెలియని విద్యార్థి అని మనసులో ముద్ర వేసి, అత్తెసరు మార్కులిచ్చాను. ఆ సంవత్సరం చివర విభాగంలో చిన్న కార్యక్రమం జరిగితే ఆమె ఒక పాత తెలుగు పాట పాడింది. ఒక్క మాత్ర కూడా తప్పలేదు. తర్వాత ఆమె చేతిలోని నోటుబుక్కు చూశాను. రెండు వందల పుటలకు పైగా తెలుగు పాటలు, అన్నీ దేవనాగరిలో ఉన్నాయి. టీవీ చూస్తూ తల్లీ కూతుళ్లు కూర్చిన పుస్తకం అది. తల్లి విని చెప్పేది, కూతురు రాసేది.

మరాఠీ బడుల్లో నేర్పే దేవనాగరిలో ఎ, ఏలకు ఒక్కటే గుర్తు. ఒ, ఓలకు ఒక్కటే గుర్తు. ఒడి, ఓడి రెండూ ఒకేలా రాస్తారు. మెడ, మేడ ఒకటే, కొన, కోన ఒకటే, వెల, వేల ఒకటే. ఆమె నోటుబుక్కులో ఈ జంటలన్నీ కలిసిపోయాయి. ఆమె నోట్లో కలవలేదు. పుస్తకం ఆమెకు గుర్తు తెచ్చుకోవడానికి ఆసరా మాత్రమే, అసలు ప్రతి చెవిలో ఉంది. పైగా పాటలో రాగం కోసం హ్రస్వాన్ని సాగదీస్తారు కదా, అక్కడ కూడా ఏది మాటలోని దీర్ఘమో ఏది రాగపు సాగుడో ఆమె తడుముకోకుండా చెప్పింది. తెలుగు లిపి ఆలస్యంగా నేర్చుకున్నందువల్ల, చేతికి మాత్రం పాత అలవాటు అడ్డుపడింది. నేను దిద్దింది దేవనాగరి లోపాన్ని, శిక్షించింది ఆమె తెలుగును. భాషాశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాడు ఒక్క నిమిషం ఆగి పోల్చి చూస్తే తెలిసే విషయమే ఇది. నేను ఆగలేదు. మార్కులు అప్పటికే పైకి పోయాయి, మార్చడం కుదరలేదు.

ఇటీవలి సంగతికి వస్తే, వి6 ఛానెల్‌లో తీన్మార్ వార్తలు తెలంగాణ యాసలో మొదలైనప్పుడు నేతవాడల్లో ముసలివాళ్లు టీవీ మనలెక్క మాట్లాడుతున్నదని మురిసిపోయారు. అంతకుముందు దశాబ్దాల తరబడి ఆ యాస సినిమాల్లో ఎక్కువగా రౌడీకి, పనివాడికి, నవ్వించేవాడికి పోయిన వేషం. వార్తల్లోనూ అది నవ్వు కోసమే వాడారు కదా అని ఆక్షేపణ చెయ్యవచ్చు, నాకూ ఆ ఆక్షేపణ ఉంది. 2023లో వచ్చిన 'బలగం' మీద ఆ ఆక్షేపణ నిలవదు. దర్శకుడు వేణు యెల్దండిది నేతగాళ్ల ఊరైన సిరిసిల్ల. చావు ఇల్లు, కాకికి పెట్టే పిండం, చివరలో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల బుర్రకథ. ఊళ్లలో తెరలు కట్టి జనం కలిసి చూసిన సినిమా అది. షోలాపూర్ ప్రేక్షకుడికి అది రెండు రకాలుగా తాకుతుంది. మాట తనది, ఊరు మాత్రం తాతలది. 'పిట్టకు పెట్టుడు' అనగానే కన్నీళ్లు పెట్టుకునే అవ్వ పక్కన, కొన్ని మాటలకు మరాఠీలో అర్థం అడిగే మనవడు ఉంటాడు. తెర మీది తెలంగాణ కొత్త మాటలతో ముందుకు పోయింది, షోలాపూర్ తెలంగాణ పాత మాటలతో మరాఠీ కలుపుకుని పక్కకు పోయింది.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవంలో ఏ పాటయినా అప్పటికప్పుడు దొరుకుతుంది. కావలసిన పాట కోసం కాచుకునే పని పోయింది, దానితో రాసిపెట్టుకునే పనీ పోయింది. తల్లి చెబితే కూతురు రాసే నోటుబుక్కు ఇక కొత్తగా పుట్టదు. ఉన్నవి ట్రంకుపెట్టెల్లో చాదర్ల కింద ఉన్నాయి, కొన్ని పాత కాగితాల వాళ్లకు పోతున్నాయి. షోలాపూర్ నుంచి వచ్చి మన విభాగంలో చదువుతున్నవాళ్లు ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు వాటిని వెతకాలి. ఫొటో తీస్తే చాలదు. రాసినవాళ్లు బతికి ఉండగానే వాళ్ల చేత పాడించి, ఏ ఒకారం పొట్టిదో ఏది పొడుగుదో పక్కన గుర్తుపెట్టుకుని రావాలి.