కెరమెరి ఘాట్‌కు ఎన్ని క్లిక్కులు?

ఆదిలాబాద్ నుంచి ఉట్నూర్ మీదుగా ఆసిఫాబాద్ వెళ్లేవాళ్లకు షాక్ అబ్జార్బర్ల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గుడిహత్నూర్ దాకా 44వ నంబరు జాతీయ రహదారి. అక్కడ కారు ఎంత బిగువుగా ఉంటే అంత బాగుంటుంది. ఎడమకు తిరిగి ఇంద్రవెల్లి దారి పట్టాక ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, వానలు వెలిశాక తేలే గుంతలు. ఉట్నూర్, జైనూర్ దాటితే కెరమెరి ఘాట్ మలుపులు. ఒక్క పూటలో మూడు రకాల రోడ్లు. ఫ్యాక్టరీలో ఒకే గట్టిదనానికి బిగించి పంపిన షాకర్ వీటిలో దేనికీ పూర్తిగా సరిపోదు. మధ్యేమార్గంగా సర్దుకుపోతుంది, అంతే.

గుంత దెబ్బను మింగేది స్ప్రింగు. మింగాక ఊగుతూనే ఉండకుండా దాన్ని పట్టి ఆపేది షాకర్. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటిని కప్పుతూ పల్చటి స్టీలు బిళ్లలు. ఆ సందుల్లోంచి దూరడానికి నూనె ఎంత కష్టపడితే కారు అంత త్వరగా కుదుటపడుతుంది. ఊగే శక్తంతా వేడిగా మారుతుంది. గుంతల దారిలో చాలాసేపు నడిపాక షాకర్ గొట్టాన్ని తాకి చూడండి, తెలుస్తుంది.

కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు వచ్చే ఎడ్లబండికి ఈ గొడవ లేదు. ఇరుసు దెబ్బ నేరుగా నడుముకే, కానీ ఎద్దు నడకకు అది చెల్లిపోతుంది. వేగం పెరిగాకే రాపిడి బిళ్లలు, ఆ తర్వాత నూనె గొట్టాలు వచ్చాయి. రోడ్డును బట్టి గట్టిదనం మార్చుకోవచ్చన్న ఆలోచన కూడా పాతదే. నెదర్లాండ్స్‌కు చెందిన కోని షాకర్లకు కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో దశాబ్దాలుగా పేరుంది. వాటి పాత రకాన్ని సవరించాలంటే బండి నుంచి ఊడదీసి, రాడ్డును అడుగుదాకా నొక్కి, లోపలి గాడిలో పడ్డాక తిప్పాలి. ఆదివారం పూట పని. తర్వాత రాడ్డు కొసకే మర వచ్చింది. బానెట్ ఎత్తి, టిక్కు టిక్కుమని లెక్కపెడుతూ తిప్పుకోవడమే.

ఆ మర తిప్పే చేతి స్థానంలో చిన్న మోటారు పెడితే, అదే ఎలక్ట్రానిక్ షాకర్. 1983లో టొయోటా తన సోరర్ కారులో ఇలా ఎలక్ట్రానిక్‌గా మారే షాకర్లను తెచ్చింది. అంతకు ముందే, 1974లో, అమెరికాలో డీన్ కార్నాప్ తన సహచరులతో కలిసి ఒక పత్రం రాశాడు. అందులోని ఆలోచన ఇది. కారు బాడీని ఆకాశానికే షాకర్ వేసి కట్టామనుకోండి, కింద చక్రం ఎన్ని తిప్పలు పడ్డా పైన కూర్చున్నవాళ్లు కదలరు. ఆకాశానికి కొక్కెం తగిలించలేం గనక, కంప్యూటరు క్షణక్షణం షాకర్‌ను వదులు చేస్తూ, బిగిస్తూ ఆ కొక్కెం ఉన్నట్టే నమ్మించాలి. ఇప్పటి ఖరీదైన కార్లు చేస్తున్న పనికి మూలం ఇదే.

పాత కారుకు ఎలక్ట్రానిక్ షాకర్లు వేయాలంటే దారులు రెండు. జపాన్‌కు చెందిన టెయిన్ ఈడీఎఫ్‌సీ మొదటి రకం: షాకర్ మర మీద బుల్లి మోటారు, డ్యాష్‌బోర్డు మీద మీట. రెండోదాంట్లో షాకర్‌కే కరెంటుతో నడిచే వాల్వు ఉంటుంది. బాడీ కదలికను కొలిచే సెన్సర్లు, వాటి మాట వినే కంప్యూటరు, ఆ కారుకు తగ్గట్టు రాసిన ప్రోగ్రాము అన్నీ కావాలి. 2004లో మన దేశానికి వచ్చిన 150 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి కారుకు నా ఓటు మొదటిదానికే. చెడిపోతే మోటారు పీకి చేత్తో తిప్పుకోవచ్చు. వాల్వు చెడితే ఉట్నూర్‌లో కాదు, హైదరాబాద్‌లోనూ బాగుచేసేవాణ్ని వెతుక్కోవాలి.

బిగింపులో చూడాల్సింది వైరు. ముందు షాకర్ల తల బానెట్ కిందే ఉంటుంది కాబట్టి తేలిక. వెనకవి చాలా కార్లలో లోపలికి నక్కి ఉంటాయి, మోటారుకు చోటు దొరకదు. వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ వేయకపోతే ఏడాది తిరక్కుండా తెగుతుంది. అసలు అంతకన్నా ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, పై మౌంట్లు కొత్తవి వేయించాలి. అరిగిన బుష్‌ల మీద ఎలక్ట్రానిక్స్ పెట్టడమంటే డబ్బులు గోదాట్లో పోసినట్టే.

ఇక క్లిక్కులు. పూర్తిగా బిగించి, అక్కణ్నుంచి వదులు చేస్తూ లెక్కపెట్టడం వాడుక. హైవే మీద కొంచెం బిగువు, ఇంద్రవెల్లి దారిలో బాగా వదులు. ఘాట్ ఎక్కేటప్పుడు అందరూ పూర్తిగా బిగించేస్తారు. అదే పొరపాటు. మరీ బిగిస్తే నొక్కుకున్న స్ప్రింగు మళ్లీ సాగేలోపే తర్వాతి ఎత్తు వచ్చిపడుతుంది. వరుస గతుకుల్లో కారు అంతకంతకూ కుంగి, చివరికి రబ్బరు స్టాపర్ల మీద దూకుతుంది. తడి రోడ్డు మీద బిగుసుకున్న చక్రం పట్టు కూడా తప్పుతుంది. అందుకే హైవే బిగువు నుంచి ఒకటి రెండు క్లిక్కులు బిగించి, ఒక మలుపు తిరిగి చూసి, అవసరమైతేనే ఇంకొకటి. వానాకాలమైతే బిగించకుండా వదిలేయడమే మేలు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఆర్టీఓ ఆఫీసులో ఒక మాట కనుక్కోండి, ఇన్సూరెన్సు వాళ్లకూ చెప్పండి. పీకిన పాత షాకర్లను మాత్రం పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. కారు అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది అవే.